ముప్పై ఏడు కింద నలుగురు

ప్రేమదాసుతో కాపురంలో జయకుమారికి ఉన్న కష్టం ఒక్కటే. ఆయన తాగడు, తిట్టడు, కూరలో ఉప్పు తగ్గితే అడిగి వేసుకుంటాడు, ఆదివారం గుడిలో మగవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుంటాడు. ఇలాంటి మనిషిమీద ఫిర్యాదు చేస్తే పుట్టింటివాళ్ళు కూడా నవ్వుతారు కాబట్టి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. సంగతేమిటంటే, పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆ ఇంట్లో జరిగిన తప్పుల్లో ఒక్కటీ ఆయనది కాదు. పాలు పొంగితే తప్పు స్టవ్వుది. రైలు తప్పితే నల్లపాడు స్టేషనులో గడియారానిది. గొడుగు ఎక్కడో మరిచి వస్తే తప్పు వానది, దారిలో ఆగిపోయినందుకు. తొమ్మిదేళ్ళ తప్పులన్నిటినీ సామాన్లూ, వాతావరణమూ, జయకుమారీ పంచుకుంటూ వచ్చారు. ఆవిడ వాటా కాస్త ఎక్కువే పడింది.

ఆయన ఉద్యోగం కూడా దీనికి తగ్గట్టే కుదిరింది. గుంటూరులో ఒక మిషన్ ఆస్పత్రిలో రికార్డుల గది ఆయనది. రోగి ఇంటికి వెళ్ళాకో, పైకి వెళ్ళాకో, అతని కార్డు ఆ గదికి వస్తుంది. డాక్టరు రాసిన జబ్బు పేరు చూసి దానికో నంబరు వేయాలి. ప్రపంచంలోని జబ్బులన్నిటికీ నంబర్లు ఇచ్చిన లావుపాటి పుస్తకం ఒకటుంది. దానికి ఆయన బడిపిల్లల పుస్తకానికి వేసినట్టు ఖాకీ అట్ట వేసి, పేరు చీటీ అంటించి, బట్టీ పట్టేశాడు. పెళ్ళిచూపుల్లో జయకుమారి తుమ్మితే, "నాలుగు వందల అరవై, మామూలు జలుబే, భయం లేదు" అని కాబోయే మామగారికి ధైర్యం చెప్పిన మనిషి. అత్తగారి కీళ్ళనొప్పి ఆయన లెక్కలో రెండు వందల డెబ్బై నాలుగు. జయకుమారి తలనొప్పి ఏడు వందల ఎనభై నాలుగు. నొప్పి తగ్గదు గాని, నంబరు మాత్రం ఠక్కున వస్తుంది.

జయకుమారి బీయస్సీలో జువాలజీ చదివి, కప్పను కోయడంలో ఫస్టుక్లాసు తెచ్చుకుని, ఆ చేత్తోనే వంకాయలు కోసే ఉద్యోగంలో స్థిరపడింది. చదువు వృథా పోకూడదని ప్రేమదాసు శనివారం సాయంత్రాలు ఆవిడకి పని కల్పించాడు. పెద్ద డాక్టరమ్మ అనుమతితో మిగిలిపోయిన కార్డులు సంచీలో ఇంటికి తెస్తాడు. ప్రతి కార్డుమీదా రోగి పేరున్న చోట కాగితం ముక్క పెట్టి క్లిప్పు వేస్తాడు. పేర్లు బయటికి పోకూడదు. ఆ విషయంలో ఆయన నిక్కచ్చి. తర్వాత పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంటాడు. జయకుమారి చదువుతుంది, ఆయన నంబరు చెబుతాడు, ఆవిడ దాన్ని రోగి వయసు, ఊరుతో సహా నోటుబుక్కులో రాస్తుంది.

"పై లైను ఒక్కటీ చదువు చాలు," అనేవాడు. "కింద డాక్టర్లు వాళ్ళ గోడు రాసుకుంటారు. మనకి జబ్బు కావాలి గాని గోడు కాదు."

జయకుమారికీ ఈ పద్ధతి నచ్చింది. పై లైను ఒక్కటే అయితే అరగంటలో పని తేలిపోతుంది, ఆపైన వారపత్రికలో సీరియలు చదువుకోవచ్చు. అలా అయిదేళ్ళు గడిచాయి.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో, ఏడాది కారానికి తెచ్చిన ఎండు మిరపకాయలు తొడిమలు తీయడానికి కొండమ్మ వచ్చింది. నల్లపాడుకు మూడు మైళ్ళ అవతల కాలవ పక్కనున్న పాలెం ఆమెది. కోతలకి పోతుంది, కోతలు లేని రోజున ఇలా ఇళ్ళకి వస్తుంది. వరండాలో చాప పరుచుకుని ఇద్దరూ తొడిమలు తుంచుతూ, వంతులవారీగా తుమ్ముతూ మాటల్లో పడ్డారు.

"మా కూతురు రాజ్యం కానుపుకొచ్చిందమ్మగారూ," అంది కొండమ్మ. "ఏడో నెల."

"మంచి మాట చెప్పావు. సూది వేయించావా?"

"ఏం సూది?"

"ధనుర్వాతం రాకుండా వేస్తారే, అది. కడుపుతో ఉన్నప్పుడు నెల ఎడంతో రెండుసార్లు వేయించుకోవాలి. ఆస్పత్రి బండి ఊళ్ళకి వచ్చి వేస్తుంది కదా."

"కాలవకి అవతలి ఊరికొస్తది. మా పాలెం రాదు."

"ఎందుకు రాదు?"

"బండి తోలే బుడేని నేనే అడిగా. ఏ ఊళ్ళో బాలింతలకి ఆ జబ్బు తగిలిందో ఆ ఊరికే ముందు పోతాం, మీ పాలెంలో ఒక్కటి కూడా లేదంట, కాయితంలో అట్టా ఉంది అన్నాడు. లేకపోటమేందిరా అబ్బాయ్, మా పెద్దకోడలు దాంతోనే గదా పోయిందన్నా. ఏమో పెద్దమ్మా, కాయితంలో లేదన్నాడు." కొండమ్మ మిరపకాయని తొడిమతో సహా గంపలో పడేసి, మళ్ళీ వెతికి తీసి తుంచింది. "కాయితంలో లేకపోతే పోయినోళ్ళు పోనట్టా, అమ్మగారూ?"

జయకుమారి చెయ్యి ఆగింది. "మీ కోడలు ఎప్పుడు పోయింది?"

"రెండేళ్ళు. ఉగాదికి నాలుగు రోజులుందనగా అయ్యగారి ఆసుపత్రికే తెచ్చాం. కానుపయిన ఎనిమిదోనాడు దవడలు బిగుసుకుపోయినయ్. విల్లు మాదిరి వొంగిపోయింది పిల్ల, ఎవరో వెనక నుంచి లాగి కట్టినట్టు. బాలింత గుణం కమ్మిందన్నారు మావోళ్ళు." ఆమె గొంతు తగ్గింది. "పురుడు పోసింది నేనే. పత్తికట్టె బూడిద మూట కట్టి పెట్టా, నెత్తురాగటానికి. నాకు మా అమ్మ పెట్టింది, మా అమ్మకి వాళ్ళమ్మ పెట్టింది. మాకేం కాలా. ఆ పిల్లకే అయింది."

జయకుమారి గంపని పక్కకి జరిపింది.

"రాజ్యాన్ని గురువారం తీసుకురా. నేను దగ్గరుండి వేయిస్తాను," అంది జయకుమారి.

"తెస్తా. మా పిల్లకి మీరున్నారు. పాలెంలో ఇంకా ఆరుగురున్నారమ్మా, నీళ్ళోసుకుని. కోతలు ఇడిసి గుంటూరు దాకా ఎవత్తొస్తది? వాళ్ళకి ఏ అమ్మగారుంది?"

కొండమ్మ వెళ్ళాక జయకుమారి చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి నోటుబుక్కు తీసింది. ముప్పై ఏడు అంటే ధనుర్వాతం, ఆ మాత్రం ఆవిడకీ బట్టీ వచ్చింది. వేలు పెట్టి వెనక్కి తిప్పుకుంటూ పోయింది. నాగలి కర్రు దిగినవాడు, ముప్పై ఏడు. మేకు గుచ్చుకున్న కూలీ, ముప్పై ఏడు. వాళ్ళ మధ్య కొండమ్మ పాలెం పేరు నాలుగుసార్లు వచ్చింది. నలుగురూ ఆడవాళ్ళు. పందొమ్మిది, ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు. ఆ పాలెంలో ఆ వయసు ఆడపిల్లలే ఏరి ఏరి మేకులు తొక్కుతున్నారా?

రెండేళ్ళ కిందటి ఉగాది దగ్గర, స్త్రీ, ఇరవై, పాలెం, ముప్పై ఏడు అని ఉంది. తన దస్తూరీయే. గుండ్రంగా, తీరిగ్గా ఉంది. పై లైను చదివి, రాసి, కార్డు తిప్పేసి ఉంటుంది. ఆ రోజు సీరియల్లో కథానాయిక ఏం చేసిందో ఇప్పటికీ గుర్తుంది. ఈ కార్డు మాత్రం ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

అప్పుడు ఖాకీ అట్ట పుస్తకం దించింది. ముప్పై ఏడు దగ్గర, చీమ తలకాయంత అక్షరాల్లో, ప్రసవానికి సంబంధించిన ధనుర్వాతం ఇక్కడ వేయకూడదు, ఆరు వందల డెబ్బైలో వేయాలి, అని ఉంది. ఆరు వందల డెబ్బై అంటే ప్రసవం తర్వాత తల్లికి సోకే పెద్ద జబ్బుల గది. డాక్టరమ్మ బండి దారి నిర్ణయించేటప్పుడు చూసేది ఆ గదే. పాలెం పిల్లలు నలుగురూ పక్కగదిలో, నాగళ్ళ మధ్య కూర్చుని ఉన్నారు. వాళ్ళను అక్కడ ఎవరూ వెతకరు.

మూడు నెలలకోసారి బండి దారి ఖాయమవుతుంది. ఈసారి వచ్చే ఆదివారమే. అది దాటితే మళ్ళీ మే. అప్పటికి ఏడుగురిలో సగం మందికి పురుళ్ళయిపోతాయి.

సాయంత్రం ప్రేమదాసు కాఫీ తాగుతుండగా మెల్లిగా కదిపింది.

"ఏమండీ, ధనుర్వాతాలన్నీ ఒకటేనా?"

"ధనుర్వాతం ధనుర్వాతమే. ముప్పై ఏడు."

"బాలింతకి వస్తే?"

"బాలింత కాలు బెణికితే అది బెణుకు కాకుండా పోతుందా?"

"ఒకసారి పుస్తకం చూస్తే..."

"నేను చూడక్కర్లేదు జయా. ఇది మీ జువాలజీ కాదు, తోక చూసి పేరు పెట్టడానికి."

ఎదురుగా తప్పని చెబితే ఆయన క్రీస్తు రెండో రాకడ దాకా వాదిస్తాడని ఆవిడకు తెలుసు. అందుకని వాదించలేదు. మర్నాడు మధ్యాహ్నమంతా ఆలోచించి, బాగా ఉబ్బిన ఎండుమిరపకాయని ఒకదాన్ని ఎంపిక చేసి, పుస్తకంలో ముప్పై ఏడు దగ్గర పెట్టి మూసింది. సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని చేతులు ఊదుకోవడం మొదలుపెట్టింది.

"ఏమైంది?"

"మిరపకాయల మంట. దీనికి నంబరెంతండీ?"

"ఆరు వందల తొంభై రెండు," అన్నాడు ఠక్కున. "చర్మానికి ఏదన్నా తగిలి వచ్చే మంట."

"ఆ పైన చుక్క పెట్టి ఇంకో అంకె ఉంటుందిగా?"

"ఉంటుంది. తిండి వస్తువైతే అయిదు, మొక్కయితే ఆరు." అక్కడ ఆగాడు. "మిరపకాయ..."

"తింటాం కదా."

"చెట్టున కాస్తుంది కదా." ప్రేమదాసు నుదురు ముడిపడింది. తొమ్మిదేళ్ళలో ఒక నంబరు దగ్గర ఆయన తడబడటం అదే మొదలు. "పుస్తకం ఇలా ఇవ్వు."

పుస్తకం ఒళ్ళోకి రాగానే మిరపకాయ ఉన్న చోట నోరు తెరుచుకుంది. గింజలు రాలాయి. ఆయన రెండుసార్లు తుమ్మాడు.

"పుస్తకంలో మిరపకాయ పెట్టిందెవరు?"

"నేనే. గుర్తుకోసం."

"దేనికి గుర్తు?" అంటూ గింజలు దులపబోయి, ఆగిపోయాడు. చీమ తలకాయంత అక్షరాల కింద ఎర్రటి బొటనవేలి ముద్ర ఒకటి పడి ఉంది. చేతులు కడుక్కోవడం మరిచిన రోజుది. అది మాత్రం ఆవిడ కావాలని వేసింది కాదు.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. పుస్తకం మూసి, అట్ట నలిగిన చోట అరచేత్తో సాపు చేశాడు. మిరపకాయ తిండా, మొక్కా అన్నది తేలలేదు. "భోజనం పెడతావా?" అన్నాడు. పచ్చడి అడగలేదు.

గురువారం కొండమ్మ రాజ్యాన్ని తీసుకుని ఆస్పత్రికి వచ్చింది. జయకుమారి దగ్గరుండి సూది వేయించింది. రాజ్యం సన్నటి పిల్ల, పొట్ట ఒక్కటే తనది కానట్టు ముందుకి ఉంది. సూది గుచ్చుతుంటే జయకుమారి చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. బయటికొస్తుంటే వరండాలో ప్రేమదాసు ఎదురుపడ్డాడు. కొండమ్మ చేతులు జోడించింది.

"అయ్యగారూ, కాయితాలు రాసేది మీరేనంట గదా. మా పాలెం పేరు కూడా ఎక్కిచ్చండి బాబూ. మీకు పుణ్యముంటది."

ప్రేమదాసు రాజ్యంవైపు తిరిగాడు. అయిదేళ్ళుగా పేర్ల మీద కాగితం ముక్కలు క్లిప్పు చేసిన మనిషి. ఇప్పుడు రాజ్యం ముఖంమీద ఏ కాగితమూ లేదు. ఆ పిల్ల వదులైన గాజులు పైకి తోసుకుంటూ, ఈయన్ని చూసి సిగ్గుగా నవ్వింది.

"ఎన్నో నెలమ్మా?" అన్నాడు చివరికి.

"ఏడు వెళ్ళిపోతదండి, అమాసకి."

ఆయన తలూపి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజూ, మర్నాడూ దీపాలు పెట్టేవేళకి గాని ఇంటికి రాలేదు. వచ్చినప్పుడు చొక్కా చేతులు మోచేతుల దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. శనివారం సంచీ తేలేదు. పడక్కుర్చీలో వాలలేదు. ముక్కాలిపీట మీద నిటారుగా కూర్చుని, "ఆ నోటుబుక్కు ఇలా ఇవ్వు," అన్నాడు.

నాలుగు పేజీలు, నాలుగు లైన్లు. ఒక్కోదాని మీదా వేలు పెట్టాడు.

"నాలుగు కార్డులూ తీశాను. రెండో లైన్లో ఉంది అంతా." వేలు మళ్ళీ మొదటి లైనుకి జరిపాడు. "కానుపయిన ఆరో రోజు. ఎనిమిదో రోజు. తొమ్మిదో రోజు. ఒకామెకి పన్నెండో రోజు. ఆ పన్నెండో రోజామె కిందటి నెల బాగై ఇంటికి వెళ్ళిందిలే. తక్కినవాళ్ళు..." అక్కడితో ఆపేశాడు.

జయకుమారి పక్కన కూర్చుంది.

"ఆ పుస్తకంలో అచ్చు మరీ చిన్నది," అన్నాడు.

"చాలా చిన్నది," అంది ఆవిడ. ఇంకో రోజయితే వదిలిపెట్టేది కాదు.

"డాక్టర్లయినా పై లైన్లోనే రాసి చావొచ్చుగా."

"రాయొచ్చు."

ఇక తప్పు మోయడానికి ఆ గదిలో స్టవ్వు కూడా లేదు. ఆయన నోటుబుక్కు మూశాడు. "సోమవారం డాక్టరమ్మ బల్లమీద చీటీ పెడతాను."

"బండి ఊళ్ళు రేపు గుడిలో చదువుతారండి. డ్రైవరు సోమవారం పొద్దున్నే బయల్దేరతాడు." ఆవిడే మళ్ళీ అంది. "ఆ నాలుగు లైన్లూ రాసింది నేను. చదువుకున్న ఆడదాన్ని, రెండో లైను ఏముందోనని ఒక్కసారైనా చూడలేదు. కావాలంటే నేనూ వచ్చి చెబుతాను."

ఆయన లేచాడు. నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. చొక్కా ఎడమ చేతిమీద చిన్న కాలిన మచ్చ పడింది. ఇస్త్రీపెట్టెని ఏమీ అనలేదు.

ఆ గుడిలో ఆరాధన అయ్యాక ప్రకటనలుంటాయి. వాటికి ముందు సాక్ష్యాల సమయం. దేవుడు తనపట్ల చేసిన మేలో, తను చేసిన పొరపాటో ఎవరైనా లేచి నలుగురిలో చెప్పుకోవచ్చు. కొందరు ప్రతివారం లేస్తారు. వాళ్ళు లేవగానే వెనక వరసల్లో ఆవలింతలు మొదలవుతాయి. ప్రేమదాసు పెళ్ళయ్యాక ఒక్కసారీ లేవలేదు. చెప్పుకోవడానికి ఏముందని లేస్తాడు?

ఆ ఆదివారం ఒక ముసలాయన గేదె దొరికిన సాక్ష్యం చెప్పి కూర్చున్నాడు. పాస్టరు జక్రయ్యగారు అటూ ఇటూ చూసి, పుస్తకం మూయబోయారు. పెద్ద డాక్టరమ్మ సంతోషకుమారిగారు బండి ఊళ్ళ జాబితా విప్పుకుని, కళ్ళజోడు పెట్టుకున్నారు. అప్పుడు మగవాళ్ళ మొదటి వరసలో ప్రేమదాసు లేచాడు. వెనక వరసల్లో ఒక్కరూ ఆవలించలేదు.

ఆడవాళ్ళ వైపు చాపమీద జయకుమారి పైటకొంగు వేలికి చుట్టుకుంది.

"అయ్యగారూ, డాక్టరమ్మగారూ," అని మొదలుపెట్టాడు, ఆఫీసు కాగితం చదువుతున్నట్టు. "నేనొక సంగతి మనవి చేయాలి. ప్రసవం తర్వాత తల్లులకి వచ్చిన ధనుర్వాతం కేసులు నాలుగు, కాలవ పక్క పాలెంవి, మామూలు ధనుర్వాతాల్లో కలిసిపోయాయి. అందువల్ల మీ జాబితాలో ఆ పాలెం పేరు రాలేదు. అక్కడ ఇప్పుడు ఏడుగురు కడుపుతో ఉన్నారు. ఒకమ్మాయికి మొన్న గురువారం మొదటి సూది పడింది. ఆరుగురికి పడలేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆయనవైపు చూశారు. "నాలుగా?"

"నాలుగేనండి. కార్డులు విడిగా తీసి మీ బీరువాలో పెట్టాను. పోయినవాళ్ళు ముగ్గురు."

డాక్టరమ్మ జాబితాని మోకాలిమీద పెట్టుకుని, పెన్ను తీసి అన్నిటికన్నా పైన ఏదో రాశారు. "రేపు బండి ముందు పాలేనికే పోతుంది. కోతలకి పోకముందే చేరాలి, ఆరింటికల్లా. బుడేతో నేను చెబుతాను." ఆమె గొంతు మెత్తగానే ఉంది. "మంచిది ప్రేమదాసుగారూ. కూర్చోండి. ఎక్కడ పొరపాటు జరిగిందో రేపు ఆఫీసులో చూసుకుందాం."

అక్కడికి పని అయిపోయింది. పాలేనికి బండి వస్తుంది. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఇక కూర్చుంటే సరిపోతుంది, ఆ కూర్చునే దారి కూడా డాక్టరమ్మే మర్యాదగా చూపించారు. చిన్న అచ్చు ఉండనే ఉంది, రెండో లైన్లో రాసే డాక్టర్లున్నారు, నోటుబుక్కు నిండా పెళ్ళాం దస్తూరీ ఉంది. ఎవరిమీదికి నెట్టినా నడుస్తుంది. జయకుమారి తన వాటా తను తీసుకుందామని మోకాళ్ళమీద చెయ్యి వేసి సగం లేచింది.

ప్రేమదాసు అటు తిరిగి చూశాడు. కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఇస్త్రీ మచ్చ ఉన్న చెయ్యి. తప్పు పంచుకోవడానికి కూడా మనసొప్పని మనిషి, అనుకుని ఆవిడ కూర్చుంది. ఎందుకో కళ్ళు మండాయి. ఆవేళ మిరపకాయలేవీ ముట్టుకోలేదు.

ఆయన మళ్ళీ ముందుకు తిరిగాడు. ఈసారి ఆఫీసు గొంతు రాలేదు.

"రేపటిదాకా అక్కర్లేదండి. పుస్తకంలో సరిగానే ఉంది. డాక్టర్లు సరిగానే రాశారు. మా ఆవిడ చూడమని అడిగింది, నేనే చూడనన్నాను." ముందున్న పాస్టరుగారి బల్ల అంచు పట్టుకున్నాడు. "నాదేనండి తప్పు."